మాధవాయపాలెం గుడ్డ నుంచి మాంచెస్టర్ గుడ్డ దాకా: సుంకం తాళం ఎవరి చేతిలో ఉంది?



నరసాపురం పక్కన మాధవాయపాలెం అని ఒక ఊరు ఉంది. ఆ పేరు నోరు తిరగక ఇంగ్లీషు వాళ్లు దాన్ని 'మడపోలం' అన్నారు. 17వ శతాబ్దంలో అక్కడ ఈస్టిండియా కంపెనీకి గుడ్డల కొనుగోలు కేంద్రం ఉండేది. ఇప్పటికీ యూరప్ బట్టల వ్యాపారంలో 'మడపోలం' అంటే ఒక రకం మెత్తటి నూలు గుడ్డ. అది ఒక గోదావరి ఊరి పేరని కొనేవాళ్లకీ తెలియదు, అమ్మేవాళ్లకీ తెలియదు.

ఇప్పుడు ఇంకో పేరు. 19వ శతాబ్దంలో ప్రపంచ పత్తి మార్కెట్‌లో 'కోకనాడాస్' అనే రకం ఉండేది. కోకనాడ అంటే మన కాకినాడ. గుంటూరు, కృష్ణా, గోదావరి ప్రాంతాల్లో పండిన పత్తి ఆ రేవు నుంచి ఓడ ఎక్కేది.

గమనించారా? మొదటి పేరు గుడ్డది, రెండోది దూదిది. ఒకే తీరం. ఒకప్పుడు నేసిన గుడ్డ అమ్మింది, తర్వాత పచ్చి పత్తి అమ్ముకుంది. ఈ రెండు పేర్ల మధ్య ఏం జరిగింది అన్నదే ఈ ఎపిసోడ్. గ్లోబలైజేషన్, ఫ్రీ ట్రేడ్ మంచివా చెడ్డవా అని ఆన్‌లైన్‌లో రోజూ కొట్టుకుంటున్నాం కదా. ఆ గొడవలో దిగే ముందు ఈ కథ తెలిస్తే బాగుంటుందని నా ఉద్దేశం.

ప్రపంచం మన దగ్గరికి వచ్చిన రోజులు

గ్లోబలైజేషన్ 1991లో మొదలైందని చాలామంది అనుకుంటారు. మచిలీపట్నం వెళ్లి అడగండి, 400 ఏళ్ల పాత కథ చెబుతుంది.

అప్పుడు అది గోల్కొండ కుతుబ్‌షాహీల రేవు. పర్షియా వర్తకులు ఎప్పటి నుంచో వస్తూ ఉండేవాళ్లు. 1605 ప్రాంతంలో డచ్ వాళ్లు వచ్చారు. 1611లో ఇంగ్లీషు వాళ్లు, 1669లో ఫ్రెంచి వాళ్లు వచ్చారు. అందరూ 'ఫ్యాక్టరీలు' పెట్టారు. అప్పట్లో ఫ్యాక్టరీ అంటే యంత్రాలు కాదు, ఒక గిడ్డంగి, ఒక ఆఫీసు, నేతగాళ్లకు అడ్వాన్సు ఇచ్చే గుమాస్తాలు.

వాళ్లకు కావాల్సింది గుడ్డ. ఎందుకంటే మిరియాలు, లవంగాలు, జాజికాయ కోసం ఇండోనేషియా దీవులకు వెళితే అక్కడివాళ్లు మన తీరం గుడ్డకే సరుకు ఇచ్చేవాళ్లు. అంటే మన గుడ్డ ఆ మార్కెట్‌లో డబ్బులా చెల్లేది.

ఆ గుడ్డలో అంత గొప్ప ఏముంది? రంగు. ఉతికితే పోని రంగు. కృష్ణా తీరం ఇసుక నేలల్లో దొరికే చిరివేరు నుంచి ఎరుపు తీసేవాళ్లు. నిజాంపట్నం వైపు దొరికే వేరుకు మంచి పేరు. నీలిమందుతో నీలం. కలంతో గీసి, అచ్చుతో అద్ది, పటిక పెట్టి, మరగబెట్టి, ఉతికి, ఎండబెట్టి, మళ్లీ మొదటి నుంచి. ఒక్క దుప్పటికి వారాల పని. యూరప్ వాళ్లకు అప్పటికి ఈ పని రాదు. ఈ అద్దకం గుడ్డలు లండన్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ ఇళ్లలోకి వెళ్లాయి. మొదట పరుపుల మీద, కర్టెన్లుగా, ఆ తర్వాత ఒంటి మీదకి.

అలాగని అది స్వర్ణయుగం అనుకోవద్దు. అడ్వాన్సు తీసుకున్న నేతగాడు అప్పు తీరేదాకా ఆ వర్తకుడికే నేయాలి. లాభంలో పెద్ద వాటా వర్తకుడిది. కానీ ఒక వెసులుబాటు ఉండేది. కొనేవాళ్లు చాలామంది. డచ్ వాడు ధర తగ్గిస్తే ఇంగ్లీషు వాడు ఉన్నాడు, వాడూ కాకపోతే పర్షియా వర్తకుడు ఉన్నాడు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

ఇంగ్లండ్ తలుపు మూసుకుంది

మన గుడ్డ వెల్లువలా వచ్చేసరికి అక్కడి నేతగాళ్లకు పని పోయింది. ఫ్రాన్స్ 1686లోనే అద్దకం గుడ్డలను నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా ఉంది. ఇంగ్లండ్ పార్లమెంటు 1700లో చట్టం చేసింది. ఇండియా, చైనా, పర్షియాల నుంచి వచ్చే అద్దకం గుడ్డలు ఇంగ్లండ్‌లో అమ్మకూడదు, వేరే దేశాలకు తిరిగి పంపడానికి మాత్రమే తేవచ్చు అని.

అయినా ఆగలేదు. తెల్ల గుడ్డ తెచ్చుకుని అక్కడే అద్దుకున్నారు. దాంతో 1719లో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు వీధుల్లోకి వచ్చారు. కాలికో, అంటే నూలు గుడ్డ, కట్టుకున్న ఆడవాళ్లు కనిపిస్తే బట్టలు చింపారు, సిరా, యాసిడ్ చల్లారు. 'రాబిన్‌సన్ క్రూసో' రాసిన డేనియల్ డెఫో కూడా ఈ గుడ్డలకు వ్యతిరేకంగా కలం పట్టినవాడే.

చివరికి 1721లో ఇంకో చట్టం. ఈసారి దిగుమతి మీద కాదు, తొడుక్కోవడం మీదే నిషేధం. అద్దకం కాలికో వేసుకుని దొరికితే 5 పౌండ్ల జరిమానా. ఈ నిషేధం 1774 దాకా నడిచింది.

అంటే దాదాపు 70 ఏళ్లు ఇంగ్లండ్ తన మార్కెట్‌ను మూసుకుంది. ఈ 70 ఏళ్లలో అక్కడ ఏం జరిగిందో చూడండి. 1733లో జాన్ కే ఫ్లయింగ్ షటిల్. 1760ల్లో హార్‌గ్రీవ్స్ స్పిన్నింగ్ జెన్నీ. 1769లో ఆర్క్‌రైట్ వాటర్ ఫ్రేమ్. నిషేధం ఎత్తేసిన ఐదేళ్లకు, 1779లో, క్రాంప్టన్ మ్యూల్. నిషేధం వల్లే యంత్రాలు వచ్చాయని నేను అనడం లేదు. అక్కడ బొగ్గు ఉంది, కూలి ఖరీదు ఎక్కువ, పెట్టుబడి ఉంది. కానీ పోటీ లేని ఇంటి మార్కెట్ ఆ పరిశ్రమకు నేర్చుకునే టైమ్ ఇచ్చింది.

రాట్నం ముందు కూర్చున్న మనిషి

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. 100 పౌండ్ల పత్తిని నూలు చేయడానికి మన చేతి రాట్నం మీద సుమారు 50,000 గంటల పని పడుతుందని చరిత్రకారుల అంచనా. క్రాంప్టన్ మ్యూల్ మీద 1780లో అది 2,000 గంటలైంది. 1825 నాటికి 135 గంటలకు దిగింది.

50,000 ఎక్కడ, 135 ఎక్కడ! ఈ తేడా ముందు ఏ సుంకమూ ఎక్కువ కాలం నిలవదు. దీన్ని దాచి, 'తెల్లవాడు కుట్ర చేశాడు కాబట్టి మన నేత పోయింది' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అది సగం కథే.

ఎవరికి దెబ్బ తగిలింది? ముందుగా నూలు వడికే ఆడవాళ్లకు. ఇంటి పని అయ్యాక దూది ఏకి, రాట్నం తిప్పి, నాలుగు డబ్బులు సంపాదించుకునే లక్షల మంది. వితంతువులకు, ముసలివాళ్లకు అదే ఆధారం. మిల్లు నూలు చవగ్గా వచ్చేసరికి ఆ ఆదాయం పోయింది. వాళ్ల పేర్లు ఏ కంపెనీ రికార్డులోనూ ఉండవు. ఇప్పటికీ శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో దూది ఏకి, చేత్తో సన్న నూలు వడికే ఆడవాళ్లు ఉన్నారు. ఒకప్పుడు ప్రతి ఊళ్లో ఉన్న పనికి మిగిలిన గుర్తు అది.

మగ్గం కథ కొంచెం వేరు. నేతగాళ్లు అదే మిల్లు నూలు కొని నేయడం మొదలుపెట్టారు. అందుకే మగ్గం పూర్తిగా చావలేదు. ఇంకో నిజం కూడా ఉంది. గుడ్డ చవకైంది, పేదవాడు ఇంకో పంచె కొనుక్కోగలిగాడు. వ్యాపారం తెరుచుకుంటే లాభం చాలామందికి కొంచెం కొంచెంగా పంచుకుపోతుంది. నష్టం మాత్రం కొంతమంది నెత్తిన మొత్తంగా పడుతుంది. 300 ఏళ్ల క్రితం స్పిటల్‌ఫీల్డ్స్‌లో అదే జరిగింది, తర్వాత పెడనలోనూ అదే. తేడా ఒక్కటే. స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాడి అరుపు వినడానికి ఒక పార్లమెంటు ఉంది. పెడన నేతగాడికి లేదు.

ఒక వైపే తెరిచిన తలుపు

ఎందుకు లేదంటే, ఈలోగా రాజ్యం మారింది. 1759లో ఇంగ్లీషు సైన్యం ఫ్రెంచి వాళ్ల నుంచి మచిలీపట్నం పట్టుకుంది. 1765–66లో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాయి. ఇందాక గుర్తుపెట్టుకోమన్న పాయింట్ ఇక్కడ పనికొస్తుంది. కొనేవాడే పాలకుడయ్యాడు. ఇంకొకరికి అమ్ముకుంటానంటే కుదరదు. ధర వాళ్లదే, తాసూ వాళ్లదే, చివరికి కొరడా కూడా వాళ్లదే.

1813లో కంపెనీ గుత్తాధిపత్యం తీసేసి, ఇండియా వ్యాపారాన్ని బ్రిటిష్ వర్తకులందరికీ తెరిచారు. అప్పటికి ఇంగ్లండ్‌లో మన గుడ్డ మీద 70–80 శాతం సుంకాలు ఉండేవని హెచ్.హెచ్. విల్సన్ అనే బ్రిటిష్ చరిత్రకారుడే రాశాడు. 1833 చట్టంతో కంపెనీ వ్యాపారమే మానేసింది. అడ్వాన్సులు ఆగిపోయాయి. దాని మీదే బతికిన నేత ఊళ్లు ఒక్కసారిగా ఖాళీ చేతులతో నిలబడ్డాయి.

1840లో ఈ లెక్కలు బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందుకు వచ్చాయి. ఇంగ్లండ్ నూలు గుడ్డ ఇండియాకు వస్తే 3.5 శాతం సుంకం. ఇండియా నూలు గుడ్డ ఇంగ్లండ్‌కు వెళితే 10 శాతం. దీన్నే 'ఫ్రీ ట్రేడ్' అన్నారు.

ఒక సాఫ్ట్‌వేర్ ఉదాహరణ చెబుతా. ఒక సిస్టమ్‌లో ఇద్దరు యూజర్లు ఉన్నారనుకోండి. ఒకరికి అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంది, రెండోవాడు సెట్టింగ్స్ చూడగలడు కానీ మార్చలేడు. అడ్మిన్ తనకు కావాల్సినప్పుడు ఫైర్‌వాల్ పెట్టుకున్నాడు, పని అయ్యాక తీసేశాడు, రెండోవాడి ఫైర్‌వాల్ కూడా తనే తీసేశాడు. తర్వాత 'చూశావా, ఇద్దరికీ ఓపెన్ నెట్‌వర్క్' అన్నాడు. సాంకేతికంగా నిజమే!

ఆ తర్వాత 1861–65లో అమెరికా అంతర్యుద్ధం వచ్చింది. మాంచెస్టర్‌కు అమెరికా పత్తి ఆగిపోయింది. ఇండియా పత్తి ధర ఆకాశానికి ఎక్కింది. రైతులకు కొన్నేళ్లు డబ్బు కనిపించింది, యుద్ధం అయిపోగానే ధర కూలింది. 1864 నవంబరులో వచ్చిన తుఫాను సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుని మచిలీపట్నాన్ని ఊడ్చేసింది. రేవు మళ్లీ కోలుకోలేదు, సరుకు కాకినాడ వైపు మళ్లింది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక మాంచెస్టర్ ఇంకా దగ్గరైంది. మడపోలం పోయి కోకనాడాస్ మిగిలిన కథ ఇదే. ఇంకో చేదు ముక్క: మడపోలం అనే గుడ్డను చివరికి లాంకషైర్ మిల్లులే తయారు చేశాయి. పేరు మాత్రం మనది.

1879: రెండు దేశాలు, రెండు దారులు

నన్ను బాగా ఆలోచింపజేసిన సంవత్సరం ఇది.

1850ల నుంచి బొంబాయిలో మన వాళ్లే మిల్లులు పెట్టడం మొదలుపెట్టారు. అప్పటికి దిగుమతి గుడ్డ మీద 5 శాతం సుంకం ఉండేది, అదీ ఖజానా కోసమే. అదే బొంబాయి మిల్లులకు అండ అవుతోందని మాంచెస్టర్ గోల పెట్టింది. 1877లో హౌస్ ఆఫ్ కామన్స్ ఆ సుంకం తీసేయాలని తీర్మానించింది.

అప్పుడు ఇక్కడ పరిస్థితి ఏమిటి? 1876–78 మహా కరువు. రాయలసీమలో దాన్ని ధాత కరువు అంటారు. లక్షల మంది చనిపోయారు. దానికి తోడు అఫ్గాన్ యుద్ధం ఖర్చు. ఖజానా ఖాళీ. అయినా 1879లో వైస్రాయి లిట్టన్, తన కౌన్సిల్‌లో ఎక్కువ మంది వద్దన్నా, ముతక గుడ్డల మీద సుంకం ఎత్తేశాడు. 1882లో దాదాపు అన్ని దిగుమతి సుంకాలూ పోయాయి.

అదే 1879లో జర్మనీలో బిస్మార్క్ ఏం చేశాడు? దిగుమతుల మీద సుంకాలు పెంచాడు. అమెరికా అప్పటికే ఎత్తైన సుంకాల గోడ వెనక ఫ్యాక్టరీలు కట్టుకుంటోంది. తర్వాత వచ్చింది ఇంకా విచిత్రం. 1894లో ప్రభుత్వానికి డబ్బు చాలక దిగుమతి సుంకం మళ్లీ పెట్టారు. మాంచెస్టర్ ఊరుకోదు కదా. 1896లో రేటు 3.5 శాతానికి దింపి, సమానంగా ఉండాలని ఇండియాలో మన మిల్లుల్లో నేసిన గుడ్డ మీద కూడా 3.5 శాతం పన్ను వేశారు. మన గుడ్డకు మన దేశంలోనే పన్ను! ఈ పన్ను 1926లో గానీ రద్దు కాలేదు.

ఇక్కడ జపాన్ గురించి చెప్పకపోతే అన్యాయం. పాశ్చాత్య దేశాలు బలవంతంగా చేయించుకున్న ఒప్పందాల వల్ల జపాన్‌కు కూడా 1911 దాకా సుంకాలు పూర్తిగా తన చేతిలో లేవు. అయినా అది పెద్ద నూలు పరిశ్రమ కట్టుకుంది, అదీ చాలావరకు ఇండియా పత్తితో. ఎలా? సుంకం చేతిలో లేకపోయినా ప్రభుత్వం వాళ్లదే. బడులు, బ్యాంకులు, నమూనా మిల్లులు, విదేశీ నిపుణులు, అన్నీ పెట్టుకుంది. కాబట్టి సుంకం ఒక్కటే మంత్రదండం కాదు. మన కోసం ఆలోచించే రాజ్యం ఉందా లేదా అన్నది అసలు విషయం.

తాళం చేతికొచ్చాక

1947లో పాస్‌వర్డ్ మన చేతికి వచ్చింది. వచ్చాక ఏం చేశాం? 200 ఏళ్ల దెబ్బ తిన్నవాళ్లం కదా, తలుపులన్నీ బిగించాం. ఉక్కు, యంత్రాలు, మందులు మనమే తయారు చేసుకోవడం నేర్చుకున్నాం. అది చిన్న విషయం కాదు. కానీ ఇంగ్లండ్ మూసుకున్న మార్కెట్‌లో వందల మిల్లులు ఒకదానితో ఒకటి పోటీ పడ్డాయి. మనం బయటి పోటీతో పాటు లోపలి పోటీని కూడా లైసెన్సులతో ఆపేశాం. స్కూటర్ కోసం ఏళ్ల తరబడి వెయిటింగ్. టెలిఫోన్ కనెక్షన్ కోసం కూడా అంతే. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, కథలు కథలుగా చెబుతారు.

1991 నాటికి విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా మాత్రమే మిగిలింది. జూలైలో సుమారు 47 టన్నుల బంగారం తాకట్టు కోసం లండన్‌లోని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు వెళ్లింది. మన వంగర నుంచి వెళ్లిన పి.వి. నరసింహారావు ప్రధాని, మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రి. 300 శాతం దాటిన గరిష్ఠ సుంకాన్ని 150కి దించారు, చాలావరకు లైసెన్సులు ఎత్తేశారు.

తర్వాత 1997లో ఇండియా ఐటీ ఒప్పందంలో చేరింది. కంప్యూటర్లు, విడిభాగాల మీద సుంకం మెల్లగా సున్నాకు వచ్చింది. కంప్యూటర్లు చవకయ్యాయి, సాఫ్ట్‌వేర్ పెరిగింది, నాలాంటి బీటెక్ వాళ్లకు హైదరాబాద్‌లో ఉద్యోగాలు వచ్చాయి. అదే సమయంలో ఇక్కడ హార్డ్‌వేర్ తయారు చేయాలనుకున్నవాళ్లు నిలబడలేకపోయారు. మళ్లీ అదే సూత్రం. ఒకరి చవక, ఇంకొకరి కొలువు.

మీరు ఈ వీడియో చూస్తున్న ఫోన్ సంగతే తీసుకోండి. ప్రభుత్వం 2017 జూలైలో మొబైల్ ఫోన్ల మీద 10 శాతం దిగుమతి సుంకం పెట్టింది, 2018 ఫిబ్రవరికి 20 శాతం చేసింది, 2024లో 15కి దించింది. తడ దగ్గర శ్రీసిటీలో 2015 నుంచే ఫోన్లు బిగిస్తున్నారు. సుంకం పెరిగాక దేశంలో బిగించే ఫోన్లు ఇంకా పెరిగాయి. ఇటు దిగుమతి ఫోన్ కొనేవాడి జేబుకు చిల్లు పడింది. యూరోపియన్ యూనియన్, జపాన్, తైవాన్ ఫిర్యాదు చేస్తే 2023లో డబ్ల్యూటీఓ ప్యానెల్ మనకు వ్యతిరేకంగా చెప్పింది. తప్పా ఒప్పా అని మనం వాదించుకోవచ్చు. ఓటు వేసి మార్చుకోవచ్చు కూడా. మచిలీపట్నం నేతగాడికి లేనిది ఈ అవకాశమే.

2025 జూలై 24న ఇండియా, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాని ప్రకారం మన బట్టల మీద అక్కడి సుంకం సున్నా అవుతుంది. వాళ్ల విస్కీ మీద మన 150 శాతం సుంకం ముందు 75కి, పదేళ్లలో 40కి దిగుతుంది. 1700లో మన అద్దకం గుడ్డకు తలుపు మూసిన దేశంతో, ఈసారి బల్లకు ఇటువైపు మన వాళ్లు కూర్చుని మాట్లాడారు. మెల్లగా, దశలవారీగా అని అడిగి తీసుకున్నారు.

కాబట్టి ఇకముందు ఏ ఒప్పందం వార్త వచ్చినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ రేటు ఎవరు నిర్ణయించారు? నేర్చుకోవడానికి మనవాళ్లకు టైమ్ ఉందా? పని పోయేవాళ్లు ఎవరు, వాళ్లకోసం ఏం పెట్టారు? మొదటి రెండింటికీ మన దగ్గర ఇప్పుడు ఎంతో కొంత జవాబు ఉంది. మూడోదానికి జవాబు ఇంకా సరిగ్గా లేదు. రాట్నం తిప్పిన అమ్మమ్మలను అప్పుడు ఎవరూ అడగలేదు. ఇప్పుడు మగ్గం మీద ఉన్నవాళ్లనైనా, రేపు ఏఐ వల్ల పని పోయే మనలాంటివాళ్లనైనా ఎవరో ఒకరు అడగాలి కదా.

మీ ఊళ్లో నేత కుటుంబాలు ఉంటే వాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో కామెంట్స్‌లో రాయండి, నేను అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.